ఆదివారం అర్పణకు సోమవారం నుంచే సిద్ధపడటం ఎలా?

బైబిలులో మలాకీ గ్రంథం మొదటి అధ్యాయం చదువుతుంటే ఎవరికైనా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని, రోగం తగిలినదాన్ని బలిపీఠం దగ్గరికి తోలుకొచ్చిన జనాన్ని దేవుడు ఒకటే అడుగుతాడు: ఇదే పశువును తీసుకెళ్లి మీ అధికారికి ఇవ్వండి, పుచ్చుకుంటాడేమో చూద్దాం. మన మాటల్లో చెప్పాలంటే, కలెక్టరుగారు వస్తున్నారంటే ఇలాగే చేస్తారా అని.

మన సంఘాల్లో అర్పణలు నాసిగా ఉన్నాయంటే దానికి భక్తి తక్కువై కాదు, చాలావరకు ఆలస్యం వల్లేనని నా అభిప్రాయం. కానుక సంచి మన వరుసలోకి వచ్చాక జేబు తడుముకుంటాం. మైకు చేతిలోకి వచ్చాక శ్రుతి వెతుక్కుంటాం. శనివారం రాత్రి పదకొండింటికి సండే స్కూలు పాఠం గుర్తొస్తుంది. ఆఖరి నిమిషంలో చేతికి తగిలేది మిగిలిపోయిందే అవుతుంది తప్ప మేలైనది కాదు. కాబట్టి కింద చెప్పే పనులన్నీ ముందే తీసిపెట్టుకోవడానికి సంబంధించినవే.

ముందుగా ఇంటి సంగతి తేల్చుకోండి

మత్తయి 5:23, 24లో యేసు చెప్పిన వరుస చూడండి. అర్పణ బలిపీఠం ముందే వదిలిపెట్టి, వెళ్లి సహోదరుడితో సమాధానపడి, అప్పుడు వచ్చి అర్పించమన్నాడు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఉంది, రెండేళ్లుగా మాటల్లేవు, తమ్ముడు ముందు వరుసలో ప్రార్థన చేస్తాడు, అన్న వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంటాడు. ఇలాంటి ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. ఇలాంటప్పుడు ఎంత పెద్ద కానుక వేసినా వరుస తప్పినట్టే. మంగళవారమో బుధవారమో ఫోన్ చేయండి. తగాదా ఒక్క ఫోనుతో తీరదు, సర్వేయరు రావాల్సి ఉంటే రావాల్సిందే, కానీ మాట కలపడానికి సర్వేయరు అక్కర్లేదు. అవతలివాళ్లు ఫోన్ ఎత్తకపోతే మీరు చేయగలిగింది చేశారు. రోమా 12:18 చెప్పేది మీ చేతనైనంతవరకే.

మార్కు 7లో కొర్బాను సంగతి కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగా మందలించాడు. అమ్మకు బీపీ మాత్రలు కొనాల్సిన డబ్బు, పిల్లల ఫీజు డబ్బు, పనిమనిషికి ఇవ్వాల్సిన జీతం, ఇవన్నీ పక్కకు నెట్టి సంచిలో వేస్తే అది అర్పణ కాదు. ఇతరుల సొమ్మును మన పేరున వేసినట్టే అవుతుంది.

జీతం పడిన రోజే తీసిపెట్టండి

కొరింథు సంఘానికి పౌలు చెప్పిన పద్ధతి చాలా సాదాగా ఉంటుంది (1 కొరింథీ 16:2). వారం మొదటి రోజున, ఎవరి వర్ధిల్లత కొద్దీ వారు కొంత తీసి తమ దగ్గరే నిల్వ చేసుకోవాలి. తాను వచ్చాక అప్పటికప్పుడు చందాలు పోగుచేసే పని ఉండకూడదని.

ఇది నేటి ఇంటికి ఎలా వర్తిస్తుందంటే: జీతం ఖాతాలో పడగానే, ఈఎంఐ కట్ అవకముందే, మీరు నిర్ణయించుకున్న మొత్తాన్ని వేరు చేయండి. ఇంకో ఖాతా ఉంటే అందులోకి పంపేయండి. లేదా నగదు డ్రా చేసి, నెలలో ఎన్ని ఆదివారాలుంటే అన్ని కవర్లలో పెట్టి బైబిలు పక్కన ఉంచండి. కూలిపని చేసేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు నెల జీతం ఉండదు కాబట్టి ఏ రోజు సంపాదన ఆ రోజు రాత్రే, ఖర్చుల లెక్క మొదలెట్టకముందు తీయాలి. రైతులైతే ధాన్యం డబ్బు చేతికొచ్చిన రోజున. ఎరువుల కొట్టు బాకీ కూడా ఆ రోజే తీర్చాలి, అప్పు ఎగ్గొట్టి ఇచ్చే కానుక కూడా గుడ్డి పశువు లాంటిదే.

దశమభాగం, అంటే పదో వంతు, మొత్తం జీతం మీదా, కోతలు పోగా చేతికొచ్చేదాని మీదా అని ప్రతి సంఘంలోనూ ఒక చర్చ నడుస్తుంటుంది. నన్నడిగితే, ఆ లెక్క దగ్గర గంటలు గడపడం అనవసరం. ఒకటి తేల్చుకుని దానిమీద నిలబడండి. ఎవరైనా పదో వంతు కంటే తక్కువతో మొదలుపెట్టినా తప్పు పట్టను; ఉన్నదాన్నిబట్టే అర్పణ అంగీకారం, లేనిదాన్నిబట్టి కాదు అని 2 కొరింథీ 8:12 ఉంది. ద్వితీయోపదేశకాండం 14:28, 29 కూడా తీసి చదవండి. మూడో ఏటి దశమభాగం గుడి సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు పెట్టమని ఉంది. మీరు తీసిపెట్టినదాంట్లో కొంత మీ వీధిలో మందులు కొనుక్కోలేని ముసలావిడకు చేరితే దేవుని సొమ్ము దారి తప్పినట్టు కాదు.

ఇక చిరిగిన నోట్ల సంగతి. బస్సు కండక్టరు తీసుకోని పది రూపాయల నోటు, కిరాణా కొట్టువాడు తిరగ్గొట్టిన నోటు చివరికి ఎక్కడికి చేరుతుందో ఆదివారం కానుకలు లెక్కపెట్టే పెద్దలను అడగండి. మలాకీ కుంటి పశువు ఇవాళ టేపు అతికించిన నోటుగా వస్తోందనడం అతిశయోక్తేమీ కాదు. కవర్లో పెట్టేముందు నోటు విప్పి చూసుకోండి, అంతే.

అప్పు చేసి ఇవ్వొద్దు. "ఇంత విత్తండి, అంతకు నూరంతలు కోస్తారు" అని టీవీలో, యూట్యూబ్‌లో ఖాతా నంబరు వేసి చెప్పేవాళ్ల మాట విని బంగారం కుదువ పెట్టొద్దు. తనకున్నదంతా కానుకగా వేసిన బీద విధవరాలి రెండు కాసుల కథను ఇలాంటి చోట్లే ఎక్కువగా వాడుతుంటారు. మార్కు 12లో ఆ కథకు సరిగ్గా ముందు వచనం ఏమిటో చూడండి: విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రుల గురించి యేసు హెచ్చరిక అది. ఆమె త్యాగాన్ని మెచ్చుకున్న నోరే, ఆమెను దోచేవాళ్లను ఖండించింది. లెక్క అడిగితే కోపం తెచ్చుకునే చోట జాగ్రత్తగా ఉండండి. యెరూషలేము సంఘానికి సహాయం తీసుకెళ్లేటప్పుడు పౌలే ఒంటరిగా వెళ్లలేదు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18–21).

బియ్యం డబ్బా

పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచాక, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేయడం మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో పాత అలవాటు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్తుంది. డోర్నకల్ మేత్రాసనంలో (బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతంలో), 1912లో బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య కాలంలో, చేతిలో డబ్బు ఆడని పల్లె సంఘాలు తమ భారం తాము మోసుకోవడానికి ఇలాంటి అర్పణలే ఆసరా అయ్యాయి. మిజోరాంలో కూడా 1910 నుంచి ప్రెస్బిటేరియన్ స్త్రీలు ఇదే పని చేస్తున్నారు; అక్కడ దీని పేరు బుహ్‌ఫై థమ్.

ఇందులో నాకు నచ్చేది ఆ సమయం. అన్నం తిన్నాక మిగిలిన మెతుకులు కాదు, వండకముందు తీసిన గింజలు. అందరికీ సరిపోతుందో లేదో ఇంకా తెలియని క్షణంలో తీసిన గుప్పెడు.

ఈ అలవాటు మొదలెట్టాలనుకుంటే మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి చూసుకోండి, లేకపోతే వారం తిరిగేసరికి పురుగు పడుతుంది. రెండు వేపాకులో ఎండుమిరపకాయలో వేయండి. బియ్యం బస్తా పక్కనే పెట్టండి, అలమరలో పైన పెడితే మూడో రోజుకే మర్చిపోతారు. చిన్నపిల్లలుంటే వాళ్ల చేత వేయించండి, వాళ్ల గుప్పిట్లో నాలుగు గింజలే పట్టినా సరే. ముఖ్యంగా ఇంట్లో తినే బియ్యమే వేయండి. ఇంటికి సోనామసూరి వండుకుని, గుడి డబ్బాలో మాత్రం స్టోరు బియ్యం పోసే తెలివి కొందరికి ఉంది. పాస్టరు అయ్యగారింట్లో ఆ బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరేటప్పుడు ఎవరి డబ్బాలోంచి ఏం వచ్చిందో అమ్మగారికి తెలియకుండా ఉండదు, ఆవిడ అనరు అంతే. స్టోరు బియ్యమే తినే ఇంటివాళ్లు స్టోరు బియ్యం వేస్తే అది మేలైన అర్పణే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గొర్రెపిల్ల తేలేనివారు రెండు గువ్వలు, గువ్వలూ తేలేనివారు కాస్త పిండి తేవచ్చని లేవీయకాండం 5లో ఉంది. యేసును దేవాలయానికి తెచ్చిన రోజు మరియ, యోసేపులు అర్పించింది పక్షులనే.

కోత పండుగకు కూడా ఇదే లెక్క. చెట్టున మొదట కాసిన గుమ్మడికాయ, మొదటి గెల, పుంజుల్లో బలిసినది ముందే అనుకుని పెట్టుకోండి. పండుగ ముందు రోజు పెరట్లోకి వెళ్లి వెతికితే పుచ్చులు పట్టిన వంకాయలే కనిపిస్తాయి. ఆ పండుగ అర్పణల వేలం పాటలో నిమ్మకాయ వేలకు పోతుందన్న సంతోషం బాగానే ఉంటుంది గానీ, పాడిన డబ్బు ఏడాది దాటినా కట్టనివాళ్ల పేర్లు రిజిస్టరులో ఉంటాయి. పాడితే ఆ వారమే కట్టేయండి.

పరిచర్యకు ఒక్క పని ఎంచుకోండి

క్వయిరు, సండే స్కూలు, యవ్వనస్తుల కూడిక, ట్రెజరరు పని, అన్నీ నెత్తిన వేసుకున్న మనిషి ఏదీ సరిగా చేయలేడు. ఒకటి, మహా అయితే రెండు. మిగతావాటికి మర్యాదగా "ఈ ఏడాది కుదరదండీ" అని చెప్పండి.

ఉదాహరణకు ఆరాధనలో వాక్యం చదివే పని మీకు వచ్చిందనుకోండి. దీన్ని చాలామంది చిన్నపనిగా చూస్తారు. నిజానికి ఆ వారం సంఘంలో కొందరు పెద్దవాళ్లు, చదువురానివాళ్లు వినే బైబిలు అదొక్కటే. కాబట్టి భాగం ఏదో గురువారానికల్లా అడిగి తెలుసుకోండి. ఆ అధ్యాయం మొత్తం ఒకసారి మనసులో చదువుకుని, ఎవరు ఎవరితో అంటున్న మాటో తేల్చుకోండి. తర్వాత గొంతెత్తి చదవండి. మనం వాడే తెలుగు బైబిలులో వాక్యాలు పొడుగు, పాత గ్రాంథికం. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోకపోతే కర్త ఒకచోట, క్రియ ఒకచోట పడిపోతాయి. మెఫీబోషెతు, నెబుకద్నెజరు లాంటి పేర్లు ముందే నాలుగుసార్లు నోట్లో ఆడించుకోండి, మైకు ముందు తడబడితే పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వులో వాక్యం పోతుంది. ఆదివారం పావుగంట ముందు వెళ్లి పుస్తకం తెరిచి ఆ పేజీ దగ్గర గుర్తు పెట్టండి. మైకుకు జానెడు దూరంలో నిలబడి, పలికిన ప్రతి మాట చివరి అక్షరం వినపడేలా చదవండి. ఫోన్లో చూసి చదవాలనుకుంటే మాత్రం కాల్స్ రాకుండా పెట్టుకోండి, ప్రభువు మాట మధ్యలో రింగ్‌టోన్ మోగడం ఎన్ని గుళ్లలో విన్నామో!

పాట పాడేవాళ్లకు ఎక్కువ చెప్పను. శనివారం సాధనకు రాని గొంతు ఎంత తియ్యగా ఉన్నా ఆదివారం స్టేజి ఎక్కకూడదు. సంఘం కలిసి పాడగలిగే శ్రుతిలో ఎత్తుకోండి. ప్రధాన గాయని ఒక్కరే అందుకోగల పైస్థాయిలో మొదలుపెడితే మిగతావాళ్లు పెదవులు కదుపుతూ కూర్చుంటారు. సౌండ్ బాక్సులు ఎంత పెంచితే అంత మహిమ అన్న నమ్మకం మనకెక్కడ పట్టుకుందో తెలియదు.

సండే స్కూలు టీచర్లు పాఠం సోమవారమే చదువుకోండి. వారమంతా మనసులో నానితే, కూరగాయల మార్కెట్లోనో బస్సులోనో ఏదో ఒకటి కనిపించి పాఠానికి తగిన ఉదాహరణ దానంతటదే వస్తుంది. రాని పిల్లల ఇంటికి ఆ వారంలో ఒకసారి వెళ్లి రండి. బొమ్మలు, రంగులు, బహుమతులు లేకపోయినా పిల్లలు సర్దుకుంటారు, తమ పేరు మర్చిపోయిన టీచరును మాత్రం క్షమించరు.

ఊడ్చే చేతులు

చాపలు దులపడం, తాగునీళ్ల క్యాను నింపించడం, ప్రభువు బల్ల పాత్రలు తోమి ఆరబెట్టడం, బాత్రూము కడగడం. వీటికి కోరి ముందుకొచ్చేవాళ్లు తక్కువ. పళ్లెం మీద తోమే పొడి తెల్లగా అంటి ఉంటే రొట్టె తీసుకునే వేళ్లకు తెలుస్తుంది. గిన్నెలను శనివారం సాయంత్రమే తోమి, పొడిగుడ్డతో తుడిచి, శుభ్రమైన తెల్లబట్ట కప్పి పెట్టండి. ప్రేమవిందు నాడు ఆఖరి పంక్తిలో కూర్చునేవాళ్లకు కూర అయిపోయి సాంబారే మిగలడం మామూలు. వడ్డించే బాధ్యత మీదైతే ఆఖరి పంక్తి గిన్నె మొదటే వేరుగా తీసి ఉంచండి.

శ్రేష్ఠత అంటే ఖరీదైన కట్టడమేనా అని అడిగేవాళ్లకు మెదక్ చర్చి మంచి జవాబు. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కతీడ్రల్‌ను తల ఎత్తి చూస్తే శిఖరం 175 అడుగులు. ఖర్చుకు వెనకాడని పనే. కానీ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ పనిని కరువు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి కూలి, తిండి దొరికేలా నడిపించాడు. కాబట్టి మీ సంఘం టైల్స్ మారుద్దామా, ఏసీ పెట్టిద్దామా అని కమిటీలో కూర్చున్నప్పుడు, ఈ ఖర్చు వల్ల ఎవరింట్లో పొయ్యి వెలుగుతుంది అని ఒక్కమాట అడగండి.

కొత్త ఫ్యాను ఇస్తే రెక్కల మీద దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించే ఆనవాయితీ మనకుంది. తిరిగేటప్పుడు ఆ పేరు ఎవరూ చదవలేరు, కరెంటు పోయినప్పుడే కనిపిస్తుంది. ఈసారి పేరు లేకుండా ఇచ్చి చూడండి, గాలి మాత్రం తగ్గదు.

డ్యూటీలోనూ

ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమన్న కొలొస్సయి 3:23 పౌలు పాస్టర్లకు రాసింది కాదు, దాసులకు రాసింది. అంటే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు మూడింటికి లేచి సెలైను చూడటం, టీచరు ఆఖరి పీరియడ్ కూడా పాఠం చెప్పడం, తాపీమేస్త్రి గోడ లోపలివైపు కూడా తూకం చూసి కట్టడం, ఇవన్నీ అర్పణలే. ఉపవాస కూడిక ఉందని డ్యూటీ మధ్యలో రిజిస్టరులో సంతకం పెట్టి జారుకోవడం మాత్రం అర్పణ కాదు.

గల్ఫ్ దేశాల్లో ఇళ్లల్లో పనిచేసే మన తెలుగు అక్కచెల్లెళ్లలో చాలామందికి శుక్రవారం ఆరాధనకు వెళ్లడానికి కూడా సెలవు దొరకదు. తప్పిపోయిన ఆరాధనల గురించి బాధపడేవాళ్లకు చెప్పేది ఇదే: మీకున్నది వంటింట్లో గిన్నెలు కడిగే ఇరవై నిమిషాలే అయితే, ఆ ఇరవై నిమిషాల్లో తెలిసిన కీర్తన ఒకటి మెల్లగా పాడుకోండి. బేతనియలో తన తలమీద అత్తరు పోసిన స్త్రీ గురించి యేసు అన్నమాట మార్కు 14:8లో ఉంది: ఆమె తన శక్తికొలది చేసింది. ఆ అత్తరు ఖరీదు మూడు వందల దేనారాలకు పైమాటే, అంటే కూలివాడి ఏడాది సంపాదనకు దగ్గర. అయినా ఆయన లెక్క చెప్పింది దేనారాల్లో కాదు.

చేయలేని వారం, అప్పగించే రోజు

జ్వరం వస్తుంది, ఇంట్లో చావు జరుగుతుంది, పరీక్షలుంటాయి. అలాంటి వారం కుదరదని శుక్రవారమే చెప్పి, బదులు మనిషిని చూసిపెట్టండి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మెసేజ్ పెట్టడం మాత్రం ఇంకొకరి నెత్తిన రాయి వేయడమే.

మీ పనిని మీకన్నా బాగా చేయగల కుర్రాడో అమ్మాయో కనిపిస్తే గుర్తుపట్టండి, ఏడాదిపాటు పక్కన నిలబెట్టుకోండి. తాళాలు ఎక్కడుంటాయి, మైకు బ్యాటరీలు ఎన్ని వారాలొస్తాయి, ప్రభువు బల్ల గుడ్డలు ఏ సబ్బుతో ఉతకాలి, జనరేటరులో డీజిల్ ఎవరు పోయిస్తారు, ఏ పెద్దాయనకు చెవి సరిగా వినపడదు కాబట్టి ముందు వరుసలో కూర్చోబెట్టాలి, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఆ పుస్తకం వాళ్ల చేతికిచ్చాక, వచ్చే ఆదివారం వెనక వరుసలో కూర్చోండి. వాళ్లు మైకు తప్పుగా పెట్టినా లేచి వెళ్లకండి.